ఊరి నీళ్ళు తాగని మెషిన్

మా పాత డైరెక్టర్ మేడం పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను కంట్రోల్ రూములో ఉన్నాను, బీమ్ నడుస్తోంది. ఫోన్ నేనే ఎత్తాను. అవతల వాళ్ళ తమ్ముడు. "అక్క పొద్దున పోయింది సార్. కాఫీ అడిగింది. తెచ్చే లోపలే పోయింది" అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి విషయం గదిలో చెప్పాను. షిఫ్టులో ఉన్న కొత్త ఆపరేటరు, మేడంని ఫోటోలో తప్ప చూడని అమ్మాయి, "సార్, గౌరవంగా ఉంటుంది, ఇవాళ్టికి బీమ్ ఆపేద్దామా?" అని మెల్లగా అడిగింది.

ఏడుపు రావలసిన చోట నాకు నవ్వు వచ్చింది. తన కోసం మెషిన్ ఆపారని తెలిస్తే ఆమె పాడె మీంచి లేచి వచ్చి తిట్టే మనిషి. "ఏమప్పా, నేను పోతే అయాన్లు కూడా పోతాయా?" అని అడుగుతారు. బీమ్ ఆపలేదు. వంతులు వేసుకుని కొందరం కొందరం ఆమె ఊరు శింగనమల వెళ్ళి ఆమెను చూసి వచ్చాం. అక్కడ ఏడ్చినవాళ్ళ కంటే ఆమె మాటలు తలుచుకుని నవ్వినవాళ్ళే ఎక్కువ.

రాప్తాడు దాటాక హైవే దిగి ఎర్రమట్టి దారిలో పోతే ఒక గుట్ట మీద మా కేంద్రం కనిపిస్తుంది. దూరం నుంచి చూస్తే పొగ రాని ఫ్యాక్టరీలా ఉంటుంది. కింద ఊరివాళ్ళు దాన్ని 'అణువుల కంపెనీ' అంటారు. మేము అక్కడ చేసే పని చెప్పడం తేలికే. అణువుల్లోంచి కొన్ని ఎలక్ట్రాన్లు లాగేస్తే అవి అయాన్లు అవుతాయి. వాటిని గాలి లేని గొట్టంలో మహావేగంతో పరుగెత్తించి ఒక పల్చటి రేకు మీద కొట్టిస్తాం. ఆ దెబ్బకి రేకులోని కేంద్రకాలు ఏ కిరణాలు వదులుతాయో చూసి, వాటి లోపలి కట్టడం ఎలా ఉందో పరిశోధకులు తెలుసుకుంటారు. ఆ పరుగెత్తే సన్నటి ధార పేరే బీమ్. చెప్పడం తేలికే అన్నాను. దాన్ని రోజంతా నిలబెట్టడం మేడం పని.

నేను ఉద్యోగానికి వెళ్ళిన రోజు ఆమె నా సర్టిఫికెట్ల ఫైలు కనీసం తాకలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టారు.

"నువ్వే అయాన్ అనుకో. యాడ పుట్టినావు, యాడ మలుపు తిరిగినావు, యాడికి పోయి తగులుకున్నావు, అంతా గీసుకుంటా నడిచి సూపించు."

ఖాళీగా ఉన్న పెద్ద హాలు. ఎదురుగా ఆమె. చీర మీద తెల్ల కోటు. శెనక్కాయ చేలల్లో కూలికి పోయే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుంటారే, ఆ కోటును అచ్చం అలాగే మోచేతుల దాకా మడిచి వేసుకునేవారు. నేను వంగి, గీత గీసుకుంటూ నడిచాను. పుట్టుక గది, పొడుగాటి గొట్టం, అయస్కాంతం దగ్గర మలుపు. అక్కడ ఆగిపోయాను.

"ఇక్కడ్నుంచి తెలియదు మేడం."

"తెలీదని ఆడనే నిలబడితివి. అది మేలు. తెలిసినట్టు గోడలోకి పోయినోళ్ళను శానామందిని సూసినా" అన్నారు. నన్ను వాక్యూమ్ విభాగంలో వేశారు. గొట్టంలో గాలి లేకుండా చూడటం నా పని. గాలి ఉంటే అయాన్లు దానికి కొట్టుకుని దారి తప్పుతాయి.

ఆ సుద్దగీత నడక ఎవరికీ తప్పలేదు. పెద్ద డిగ్రీలతో వచ్చినవాళ్ళు, ఎలక్ట్రీషియన్లు నడిచారు, అకౌంట్స్ సెక్షన్లో చేరినాయన కూడా నడిచాడు. "జీతాల బిల్లు చేసేటోనికి కూడా బీమ్ యాడికి పోతాందో తెలియాల. లేకుంటే ఏంటికి పనిచేస్తాండాడో ఆయప్పకు ఎట్ల తెలుస్తుంది?" అనేవారు.

ఆమెకు మైకు అంటే పడదు. కంట్రోల్ రూములో ప్రతి హాలుకూ వినబడే మైకు ఉన్నా, గడప మీద నిలబడి గొంతెత్తి పిలిచేవారు. ఆ గొంతు గుట్ట దిగువన మేకలు కాసేవాళ్ళకి కూడా వినబడేదని చెప్పుకునేవాళ్ళం. గడప మీదే ఎందుకంటే, లోపల తినడం నిషేధం అని ఆమే బోర్డు పెట్టించారు. చేతిలో ఎప్పుడూ ఉడకబెట్టిన శెనక్కాయలు ఉండేవి. అందుకని ఒక కాలు లోపల, ఒక కాలు బయట. పొట్టు ఒక్కటి కూడా లోపలికి పడనిచ్చేవారు కాదు. ఎవరినైనా బాగా తిడితే, తిట్టడం అయిపోగానే వాళ్ళ దోసిట్లో గుప్పెడు కాయలు పోసేవారు. మాలో ఒకడు సాయంత్రం ఆకలేస్తే కావాలని ఏదో ఒక తిక్క ప్రశ్న వేసేవాడు.

ఒకసారి పత్రిక నుంచి వచ్చిన ఒకాయన చిన్నతనంలో పడ్డ కష్టాలు చెప్పమన్నాడు. "ఆ కష్టాలు ఈ జిల్లాలో అందరివీ. నన్ను ఒక్కదాన్నే అడిగితే ఏమొస్తుంది? బీమ్ గురించి అడుగు, మద్దేనం దాకా చెప్తా" అన్నారు. ఆయన అడగలేదు. ఆమె మాత్రం మధ్యాహ్నం దాకా చెప్పారు.

ఇక ఆమె ఊతపదం, "అయితే ఏమిప్పుడు?" పంపు కాలిపోయిందని పరుగెత్తుకొస్తే, "అయితే ఏమిప్పుడు?" ఢిల్లీ నుంచి మంజూరు ఆగిపోయిందంటే, "అయితే ఏమిప్పుడు?" ముందు నాకది నిర్లక్ష్యంలా తోచేది. పోనుపోనూ అర్థమైంది. ఆమె నిజంగానే అడుగుతున్నారు. అయింది సరే, ఇప్పుడు చెయ్యవలసింది ఏమిటి అని.

ఆ మాట అసలు బరువు కరువొచ్చిన ఏడాది తెలిసింది.

మా మెషిన్ పాతబడింది. ఉన్న వేగం కొత్త ప్రయోగాలకు చాలడం లేదు. దానికి కొసన ఇంకో భాగం, రాగి గదుల వరస ఒకటి తగిలిస్తే అయాన్లు ఇంకా వేగం పుంజుకుంటాయి. ఆ రాగి గదుల కోసం మేడం ఏళ్ళ తరబడి ఢిల్లీ చుట్టూ తిరిగారు. చివరికి మంజూరైంది. పెట్టెలు వచ్చి హాల్లో దిగాయి. వాటి మీద చెయ్యి వేసి ఆమె నిలబడ్డ తీరు చూస్తే, పుట్టింటి నుంచి మనుషులు వచ్చినట్టుంది.

చిక్కల్లా నీళ్ళతో. అయస్కాంతాలకూ రాగి గదులకూ కరెంటు పారితే అవి కాగిపోతాయి. వాటి చుట్టూ నీళ్ళు తిప్పి, ఆ వేడినీళ్ళను కూలింగ్ టవర్ మీంచి జల్లుగా పోసి చల్లార్చేవాళ్ళం. జల్లు పడేటప్పుడు ప్రతిసారీ కొంత ఆవిరై పోతుంది. దాని బదులు మళ్ళీ బోరు నీళ్ళు పొయ్యాలి. పాత మెషిన్‌కే చాలా తాగేది. కొత్త భాగం వస్తే రెండింతలు.

ఆ ఏడాది వాన పడలేదు. చేలల్లో శెనక్కాయ మొక్క జానెడు కూడా లేవలేదు. చలికాలం రాకముందే ఊరి బోర్లు ఒక్కొక్కటే గాలి కక్కడం మొదలుపెట్టాయి. ఒక పొద్దున మా గేటు ముందు ప్లాస్టిక్ బిందెల వరస కనిపించింది. బిందెల వెనకాల ఆడవాళ్ళు. ముందు నిలబడ్డ ఓబులమ్మ అన్నామె సెక్యూరిటీవాళ్ళతో గొడవపడుతోంది. మేడం నడిచి వెళ్ళి గేటు తీయించారు.

"ఏమ్మా, ఏం కావాల?"

"ఏం కావాలని అడుగుతాండావే! మా బోరు ఎండిపాయ. నీ బోరు మా వంకలోనే ఉండాది. దానెమ్మడి నీళ్ళు పైకి పోయి, ఆ గోపురం మీంచి వాన పడినట్టు పడతాంటే పిల్లోళ్ళు సూసి వస్తాండారు. ఈ ఊర్లో వాన పడేది నీ కంపెనీలోనే."

అందరం మేడం వైపు చూశాం. ఆమె టవర్ వైపు చూశారు. జల్లు ఎండలో మెరుస్తోంది. 

"నిజమే కదప్పా" అన్నారు, ఎవరితోనో కాదు, తనతోనే.

ఆ రోజే మా బోరు పైపు ఊరి ట్యాంకు వైపు తిప్పించారు. మెషిన్ ఆగిపోయింది.

ఆగినప్పుడు ప్రయోగం మీద ఉన్నది రేవతి. హైదరాబాదు నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. తన వంతు బీమ్ కోసం ఎదురుచూసి ఎదురుచూసి, అది వచ్చాక పరికరాలన్నీ పేర్చుకుని, అప్పుడే మొదలుపెట్టింది. ఆమె మేడం గదిలోకి వచ్చి తలుపు కూడా మూయకుండా అరిచింది.

"మీరు దానం చేసింది నీళ్ళు కాదు మేడం, నా పీహెచ్‌డీ! ఇది మీ సొంత మెషిన్ కాదు. ఎవర్ని అడిగి ఆపారు?"

మేడం తిట్టలేదు. శెనక్కాయలు ఇవ్వబోలేదు కూడా. "నీ కోపం న్యాయమైందేనమ్మా. నీ బీమ్ నేను బాకీ. ఈడనే ఇస్తా, ఇంకెవరికన్నా ముందు నీకే ఇస్తా" అన్నారు. రేవతి నమ్మలేదు. పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది.

తరవాత వారంలోనే, మాకు డబ్బు మంజూరు చేసే కమిటీ పెద్దాయన ఫోన్ చేశాడు. మనవాడే, ఢిల్లీలో స్థిరపడ్డాడు. మేడం స్పీకర్లో పెట్టి మాట్లాడారు కాబట్టి నేనూ విన్నాను. "నీళ్ళు లేని చోట యాక్సిలరేటర్ పెట్టడమే తప్పు. ఆ రాగి గదులు వేరే రాష్ట్రానికి తరలించేద్దాం. మీది మెల్లగా మూసేద్దాం. మీరు చేసిన ఘనకార్యం మాకు ఆ నిర్ణయం తేలిక చేసింది" అన్నాడాయన.

ఆమె ముఖం పాలిపోయింది. అలా చూడటం అదే మొదటిసారి. కానీ గొంతు మాత్రం గుట్ట దిగేంత గట్టిగానే వచ్చింది.

"సార్, వచ్చే మే నెల దాకా పెట్టెలు కదిలించొద్దు. మే నెలలో మీరే రండి. పొద్దున కాదు, మిట్టమద్దేనం రండి. కొత్త భాగం నడుస్తాంటుంది. దానికి ఒక్క చుక్క ఊరి నీళ్ళు పొయ్యను. నడవకుంటే మీరే తీసుకుపోండి, లారీ నేనే మాట్లాడతా."

ఫోన్ పెట్టాక నేను అడిగాను. "ఎలా మేడం?"

"ఎట్లనో సూడాల" అన్నారు.

దారి ఒకటే ఉంది. నీళ్ళను ఆవిరి కానివ్వకూడదు. మూసిన గొట్టాల్లో ఒకే నీళ్ళు తిప్పి తిప్పి వాడాలి. వాటి వేడిని లారీ రేడియేటర్ లాంటి పెద్ద పెద్ద పలకల్లోకి పంపి, ఫ్యాన్లతో గాలికి వదిలెయ్యాలి. ఒకసారి నింపితే చాలు, దానికి టవర్ తొట్టిలో మిగిలిన పాత నీళ్ళే సరిపోయాయి. భవనం వెనకాల గోడంత పొడవున పలకలు నిలబెట్టాం. చలికాలంలో పాత మెషిన్‌తో పరీక్షిస్తే బ్రహ్మాండంగా నడిచింది. మార్చి వచ్చేసరికి కథ మారింది. పొద్దున బీమ్ సూటిగా పోయేది. ఎండెక్కే కొద్దీ నీళ్ళు వేడెక్కేవి, అయస్కాంతాలు వేడెక్కేవి, బీమ్ పక్కకి జరిగి జరిగి మధ్యాహ్నానికి గొట్టం గోడకి తగిలేది. బయట వీచేదే వడగాలి. దానితో నీళ్ళను అంతకన్నా చల్లబరచడం ఎవరి తరం? మాలో సగంమంది చేతులెత్తేశారు. ఫ్యాన్లు పెంచుదామన్నారొకరు. మంచుగడ్డలు తెప్పిద్దామన్నారు ఇంకొకరు.

మేడం గడప మీద నిలబడి అందరి మాటలూ విన్నారు. కాయ ఒలుస్తున్న చెయ్యి మధ్యలో ఆగింది.

"పొద్దున బీమ్ ఏంటికి బాగుండాది?"

"నీళ్ళు చల్లగా ఉన్నాయి కాబట్టి."

"కాదప్పా. పొద్దున నీళ్ళ వేడికి సరిపోయేట్టు మనం బీమ్ మీటలు తిప్పిపెట్టినాం కాబట్టి. మద్దేనం నీళ్ళకు తిప్పిపెట్టి ఉంటే మద్దేనం బాగుంటాండె. మనకు కావాల్సింది చల్లదనం కాదు. మారకుండా ఉండటం." చేతిలో కాయలు కోటు జేబులో పడేసి లోపలికి వచ్చారు. "మే నెల మద్దేనం కంటే ఇంకొంచెం ఎక్కువ వేడిలో నీళ్ళు పెడదాం. పొద్దున గాలి చల్లగా ఉంటే ఫ్యాన్లు మెల్లగా తిప్పుదాం. ఎండెక్కితే జోరు పెంచుదాం. పగలూ రాత్రీ నీళ్ళు ఒకే వేడిలో ఉండాల. రాగి గదుల శ్రుతి ఇంకా కలపల్యా కదా? ఆ వేడిలోనే కలపండి."

 గదిలో అందరూ ఒకేసారి మాట్లాడారు.

రాగి వేడికి వెంట్రుకవాసి సాగినా, గదుల్లో అయాన్లను తోసే విద్యుత్ తరంగాల శ్రుతి తప్పుతుంది. అందుకే లోకమంతా వాటిని చల్లగా ఉంచడానికి పాట్లు పడుతుంది. మేము మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళు తిప్పుతూ శ్రుతి కలిపాం. వేడికి తట్టుకోలేని కరెంటు పరికరాలను ఒక చిన్న ఏసీ గదిలోకి మార్చాం. రబ్బరు రింగులు ఉన్నచోటల్లా వేడికి ఓర్చేవి వేశాం. ఆ రింగులు మార్చడంలో నా గోళ్ళు అరిగిపోయాయి. కమిటీ పెద్దాయనకు ఈ సంగతి తెలిసి మళ్ళీ ఫోన్ చేశాడు. "వేడినీళ్ళతో మెషిన్ చల్లబరుస్తారా?"

"మెషిన్ అంతకన్నా వేడి కదా సార్" అన్నారు మేడం.

మే నెల వచ్చింది. అనంతపురం మే నెల గురించి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. పెద్దాయన మరో ఇద్దరితో మిట్టమధ్యాహ్నమే దిగాడు. కారు దిగి గేటు నుంచి వరండా చేరేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. రేవతి కూడా వచ్చింది. మేడం పిలిపించారు. కళ్ళలో ఇంకా అనుమానమే.

బీమ్ మొదలుపెట్టక ముందు మేడం పెద్దాయన చేతికి సుద్దముక్క ఇచ్చారు. ఆయన బిత్తరపోయి చూశాడు. ఆయనతో వచ్చినవాళ్ళు నేల చూపులు చూశారు. కానీ ఆయన వంగి, మోకాళ్ళు పట్టుకుని, కొత్త రాగి గదుల పక్క నుంచి చివరి రేకు దాకా గీత గీసుకుంటూ నడిచాడు. మలుపు దగ్గర తప్పిపోతే మేడం మోచెయ్యి పట్టి తిప్పారు. చివరికి చేరాక ఆయన ఆయాసపడుతూ, "ఇంత దూరమా!" అన్నాడు. అప్పుడు అందరం బయటికి వచ్చి హాలు తలుపులు మూసి కంట్రోల్ రూములో చేరాం.

దారి పొడుగునా అక్కడక్కడ చిన్న చిన్న గిన్నెల్లాంటివి ఉంటాయి. బీమ్ ఒక్కో గిన్నెలో పడితే కంట్రోల్ రూములో మీటరు ముల్లు లేస్తుంది. అప్పుడా గిన్నె పక్కకి తీసి తరవాతి దానికి పంపుతాం. మొదటి గిన్నెలో ముల్లు లేచింది. మలుపు దాటింది. లేచింది. రాగి గదులకు కరెంటు ఇచ్చారు. శ్రుతి నిలిచింది. బయట ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి. గదులు దాటాక పెట్టిన గిన్నెలో ముల్లు లేచింది. ఎవరో చప్పట్లు కొట్టబోతే మేడం చెయ్యెత్తారు. "చివరిదీ కానీండి."

చివరిదానిలో ముల్లు కదల్లేదు.

 పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. నేను నా తెర వైపు చూశాను. చివరి గిన్నె ముందున్న వాల్వు దానంతట అదే మూసుకుపోయింది. అక్కడ గొట్టంలో గాలి చేరిందని ఒక మీటరు చెబుతోంది. నిజంగా గాలి ఉండగా వాల్వు తెరిస్తే కొత్త భాగమంతా పాడవుతుంది. పక్కనే ఇంకో మీటరు ఉంది. అది బాగుందంటోంది. పంపు లాగే తీరు చూశాను. గాలి ఉంటే పంపు ఒగర్చాలి. ఒగర్చడం లేదు. హాల్లోని వేడికి మొదటి మీటరే తప్పు చూపిస్తోందని నాకు తోచింది. కానీ తోచడం వేరు, అందరి ముందు చెప్పడం వేరు.

"మేడం, వాల్వు..."

ఆమె నా తెర వైపు రాలేదు. ఉన్నచోటి నుంచే చూశారు.

"వాక్యూమ్ నీది. నువ్వే చెప్పు."

"గాలి లేదు మేడం. మీటరు తప్పు."

"అయితే తెరువు."

అంతే. ఇంకో ప్రశ్న లేదు. ఆమె ఏళ్ళ కష్టం, రేవతికిచ్చిన మాట, గుట్ట మీద మా అందరి బతుకు, అన్నీ నా వేలి కింద ఉన్నాయి. ఆ తప్పుడు మీటరును పక్కకు తప్పించి, బటన్ నొక్కాను.

ముల్లు కొంచెం వణికింది. తరవాత నిటారుగా లేచి నిలబడింది.

గదంతా కేకలు. ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నాం. అకౌంట్స్ ఆయన బల్ల ఎక్కాడు. పెద్దాయన మాత్రం గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. ఎండ ముదిరింది. బయట నేల మీద గాలి కాగిన నూనెలా కదులుతోంది. మార్చిలో బీమ్ గోడకి తగిలే సమయం వచ్చింది, దాటింది. ముల్లు గీసినట్టు అక్కడే ఉంది. ఆయన లేచి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"పెట్టెలు ఎక్కడికీ కదలవమ్మా. ఇంకో కేంద్రానికి కూడా మీ నీళ్ళ పద్ధతే పెట్టిస్తాను. నాలుగు మాటలు మాట్లాడండి, ఫోటోలు తీసుకుందాం."

"మాట్లాడేదానికి టైం లేదు సార్. బీమ్ ఊరికే పోతాంది" అన్నారు మేడం. గడప దగ్గర నిలబడి ఉన్న రేవతి వైపు తిరిగారు. "సూస్తా నిలబడినావు ఏమ్మా? బిన్న పో. నీ రేకు పెట్టుకో. నీకిచ్చిన మాట ఇది."

రేవతి కదల్లేదు. "మేడం, ఆ రోజు నేను..."

"ఆ రోజు నీదే న్యాయం. ఈ రోజు నీదే బీమ్. పో!"

రేవతి పరుగెత్తింది. ఆమె రేకు అమర్చుకునేదాకా బీమ్ ఆపి, మళ్ళీ వదిలాం. పొద్దు వాలుతుండగా పక్క గది తెర మీద చుక్కలు ఒక్కొక్కటిగా చేరి, గుట్టలా లేచి, మొన దేలాయి. కేంద్రకం వదిలిన కిరణం అది. పాత వేగంతో ఎప్పటికీ కనిపించేది కాదు. రేవతి అద్దం తలుపు తోసుకుని వచ్చి, ఏడుస్తూ నవ్వుతూ, "వచ్చింది మేడం, వచ్చింది!" అని అరిచింది. ఆ అరుపు మేడం అరుపుకేం తక్కువ లేదు.

మేడం తెర దగ్గరికి వెళ్ళి ఆ మొనను వేలితో తాకారు. ఆ క్షణంలో ఆమె ముఖం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. అలసట లేదు, గర్వం కూడా కాదు. మొదటిసారి వాన చూసిన పిల్ల ముఖం.

"ఇదీ సంగతి" అన్నారు. కోటు చేతులు ఇంకో మడత పైకి మడిచి మా వైపు తిరిగారు. "రేపు ఎవరి వంతు?"